ఆఫీసు మాట, ఇంటి మాట

ఆ వేసవిలో ఒకే వాక్యాన్ని నేను కొన్ని వేలసార్లు చెప్పి ఉంటాను. "మీకు ఏ బ్రాంచి కావాలో ఆ వరుసలోనే రాయండి." కౌంటరు అద్దానికి అవతల నిలబడ్డ ప్రతి తల్లికీ తండ్రికీ అదే చెప్పేదాన్ని. సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది. విన్నవాళ్లలో సగంమంది నమ్మేవాళ్లు కాదు. అద్దానికున్న గుండ్రటి కన్నం దగ్గరికి మొహం వంచి, ఎవరైనా వింటారేమోనని అటూ ఇటూ చూసి, "అది సరేనండీ, మీ ఇంటి పిల్లయితే ఏం చెప్తారు?" అని అడిగేవాళ్లు. "ఇదే చెప్తాను" అనేదాన్ని తల ఎత్తకుండా.

ఆ ఏడాది మా ఇంటి పిల్ల కూడా ఆ ఫారం నింపుతోంది.

మా యూనివర్సిటీలో ఇంజనీరింగు పిల్లలందరూ మొదటి ఏడాది కలిసే చదువుతారు. ఏడాది చివర బ్రాంచి కోసం మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. లోపలికి వచ్చేశాం కదా అని సంబరపడ్డవాళ్లకి, అసలు గుమ్మం ఇంకా ముందుందని అప్పుడు తెలిసొస్తుంది. సివిల్లో నూట ఇరవై సీట్లు, బయోమెడికల్లో ముప్ఫై ఆరు. మొదటి ఏడాది మార్కులకి డెబ్బై, ఏం చదవాలనుకుంటున్నారో, ఎందుకో ఒక పేజీలో రాసిచ్చేదానికి ముప్ఫై. ఆ పేజీని ఇద్దరు ప్రొఫెసర్లు చదివి మార్కులు వేస్తారు. అందుకని ఎంత తెలివైనవాళ్లకైనా తమ స్కోరెంతో జాబితా వచ్చేదాకా తెలియదు. ఆ తెలియకపోవడమే ఊళ్లో అమ్మానాన్నలందరినీ మా కౌంటరు ముందుకి తెచ్చి నిలబెట్టేది.

అప్పటికి నేను ఆ సెక్షనులో ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. దరఖాస్తు పెట్టినవాళ్లలో మన దగ్గరి బంధువులుంటే ఆ ఏడాది జాబితా పని ముట్టుకోకూడదని రూలు. మా అన్నయ్య కూతురుందని డిక్లరేషను రాసి, సంతకం పెట్టి, సూపరింటెండెంటు గారి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, "ఇన్నేళ్లకి మీకు ఎండలో డ్యూటీ పడింది మేడమ్" అని నవ్వారు. నన్ను లోపలి గదిలోంచి కౌంటరుకి మార్చారు. మధ్యాహ్నం మూడు దాటితే పడమటి ఎండ తిన్నగా ఆ అద్దం మీదే పడుతుంది. ఫ్యాను తిరిగేది గాని గాలి నాదాకా వచ్చేది కాదు.

మా ఇల్లంటే అన్నయ్య, వదిన, వాళ్లమ్మాయి, నేను. నా పెళ్లి ఊసెత్తడం అందరూ మానేసి చాలా ఏళ్లయింది గనక నేనిక ఆ ఇంటిదాన్నే. అన్నయ్య ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తాడు. ఆ వేసవికి ఎనిమిదేళ్ల ముందు అక్కడ ఇస్త్రీ రోలరు మధ్య చెయ్యి పడి కుడిచేతికి రెండు వేళ్లు పోయాయి. చొక్కా బొత్తాలు పెట్టుకోలేక రోజూ పొద్దున్నే అద్దం ముందు అవస్థపడేవాడు. వదిన పెడతానంటే పెట్టనిచ్చేవాడు కాదు. పదకొండేళ్ల పిల్ల అది చూసి, పాత సైకిలు బ్రేకు తీగని వంచి, చెంచా కాడకి బిగించి ఒక కొక్కెం చేసిచ్చింది. కాజాలోంచి దాన్ని దూర్చి, బొత్తాన్ని తగిలించి లాగితే చాలు. అన్నయ్య ఇప్పటికీ దానితోనే బొత్తాలు పెట్టుకుంటాడు.

ఎప్పుడు చూసినా చేతిలో ఏదో ఒక పనిముట్టు ఉంటుందని అన్నయ్య దాన్ని పానా అని పిలిచేవాడు. ఇల్లంతా అదే అలవాటైపోయింది. పానాకి కావలసింది బయోమెడికల్. చేతులూ కాళ్లూ దెబ్బతిన్నవాళ్లకి పనికొచ్చే పరికరాలు తయారుచెయ్యడం అక్కడ నేర్పుతారు. అది రాసిన ఒక పేజీ నాకు చూపించింది. అందులో వాళ్ల నాన్న కష్టాల గురించి ఒక్క ముక్క లేదు. ఆ కొక్కెం చెయ్యలేని పనులు మాత్రం రాసింది: సీసా మూత తిప్పలేదు, బూటు తాడు ముడి వెయ్యలేదు, బరువున్న గిన్నె పట్టలేదు, ఎందుకు చెయ్యలేదో నాకు ఇంకా తెలియదు, అది తెలుసుకోవడానికే వస్తున్నాను. చదివాక కాసేపు దాని మొహంలోకి చూడలేకపోయాను. బాగుందే అని మాత్రం అన్నాను.

ఆ ఇంట్లో యూనివర్సిటీ అంటే నేనే. లాండ్రీలో ఎవరైనా పిల్ల సంగతి అడిగితే, మా చెల్లెలు ఆ ఆఫీసులోనే ఉంది, మాకేం బెంగ అని అన్నయ్య గొప్పలు పోయేవాడట. వదిన నాకు చెప్పి నవ్వేది. నాకూ బాగానే ఉండేది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కౌంటర్లో చెప్పే ఆ వాక్యాన్ని నేనే నమ్మేదాన్ని కాదు.

అంతకు ఆరేళ్ల ముందు వరకూ సీట్లు పంచింది మెషీను కాదు, మా చేతులు. లోపలి గదిలో పొడుగాటి బల్ల మీద బ్రాంచికో కట్ట చొప్పున ఫారాలు పేర్చేవాళ్లం. ఎవరు ఏది మొదట రాస్తే ఆ కట్టలోకి. మొదటి ఆప్షనుగా రాసినవాళ్లందరికీ ఇచ్చాక సీట్లు మిగిలితేనే రెండో ఆప్షనువాళ్ల మొహం చూసేవాళ్లం. మిగిలేవి ఎక్కడ? పెద్దదానికి ఆశపడి అది తప్పిపోయినవాళ్లు రెండోదీ మూడోదీ కూడా పోగొట్టుకుని ఏ మూలో తేలేవాళ్లు. మంచి మార్కులున్న ఒకమ్మాయి అలాగే నష్టపోయి మా మెట్ల మీద సాయంత్రందాకా కూర్చుంది. గేటు వేసే ఆయన లేపితేగాని లేవలేదు. ఆ రోజుల్లో కూడా ఫారం వెనక ఇదే వాక్యం అచ్చయి ఉండేది. దాన్ని నమ్మినవాళ్ల ఫారాలకి నా చేత్తోనే ట్యాగులు కట్టాను.

తర్వాత మెషీను వచ్చింది, పద్ధతి మారింది, వాక్యం మాత్రం అక్షరం తేడా లేకుండా అలాగే ఉంది. ప్రోగ్రాము నడిపే అమ్మాయి ఒకసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఓపిగ్గా చెప్పింది. మెషీను స్కోరు ఎక్కువున్నవాళ్ల దగ్గర్నించి ఒక్కొక్కరినే తీసుకుంటుందట. వాళ్ల ఫారాన్ని పైనుంచి కిందికి చూసి, ఖాళీ ఉన్న మొదటి బ్రాంచి ఇచ్చేస్తుందట. ఇచ్చాక దాని కింద రాసినవి ఇక చూడదట. పైన ఆశపడి రాసుకున్నందువల్ల ఎవరికీ నష్టం లేదట. నేను తలూపాను. తలూపడం నాకు బాగా అలవాటు. నీ వయసంత సర్వీసుంది నాకు, నువ్వా నాకు చెప్పేది అని మనసులో అనుకున్నాను.

ఫారం ఇవ్వడానికి వారం ఉందనగా ఒక సాయంత్రం అందరం వంటింటి బల్ల చుట్టూ చేరాం. వదిన కూర తరుగుతోంది. పానా ఫారం తెచ్చి నా ముందు పెట్టింది. మొదట బయోమెడికల్, తర్వాత సివిల్. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు.

తిరగేసి రాయమన్నాను. సివిల్ పైన, బయోమెడికల్ కింద. ఎందుకని అడిగింది. బల్ల మీదున్న గిన్నెలే కట్టలనుకొమ్మని, ఇటు జరిపి, అటు జరిపి అంతా చూపించాను. ముప్ఫై ఆరు సీట్లకి వందలమంది ఎగబడతారు, అది తప్పితే సివిల్ కూడా చేజారుతుంది, అప్పుడు నిన్నెవరూ పట్టించుకోరు అన్నాను. మెట్ల మీద కూర్చున్న అమ్మాయి సంగతి కూడా చెప్పాను. చెబుతుంటే నాకే భయమేసింది.

పానా ఫారం వెనక్కి తిప్పి, అచ్చయిన వాక్యం కింద వేలు పెట్టింది. "ఇక్కడ ఇలా ఉంది కదత్తా."

"అది ఆఫీసు మాట. నేను చెప్పేది ఇంటి మాట."

అది వాళ్ల నాన్న వైపు చూసింది. అన్నయ్య కాసేపు బల్ల మీద వేళ్లతో తాళం వేశాడు.

"అత్త ఇరవై ఆరేళ్లుగా ఆ గదిలోనే ఉందే. ఆవిడకి తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

వదిన చేతిలో కత్తి ఆగింది. దానికి ఏది ఇష్టమో అని మొదలుపెట్టి, నా వైపు చూసి, నీకు తెలిసినంత నాకేం తెలుసు అని మళ్లీ తరగడం మొదలుపెట్టింది. పానా నా సంచిలోంచి ఇంకో ఫారం తీసుకుని కొత్తగా రాసింది. అక్షరాలు మొదటి ఫారంలో ఉన్నంత గుండ్రంగా రాలేదు. నాకు మాత్రం గుండె మీది బరువు దిగినట్టయింది. ఆ పిల్ల మునిగిపోకుండా పట్టుకున్నాననుకున్నాను.

మర్నాడే వెళ్లి ఇచ్చేసింది. ఇచ్చిన ఫారాన్ని గడువు చివరి రోజు సాయంత్రం అయిదుదాకా మార్చుకోవచ్చు. ఆ చివరి రోజు లైను వరండా దిగి గేటుదాకా సాగింది. ఎవరు ఇస్తున్నారో, ఎవరు మారుస్తున్నారో చూసే తీరిక లేదు. కాగితం తీసుకోవడం, ముద్ర కొట్టడం, వాక్యం చెప్పడం. నాలుగు గంటలప్పుడు చేతిలో గొడుగున్న ఒకాయన కన్నం దగ్గరికి వంగి, అందరూ వినేంత గట్టిగా, మీ ఇంటి పిల్లయితే ఏం చెప్తారండీ అని అడిగాడు. ఇదే చెప్తానని నేనూ గట్టిగానే అన్నాను. మళ్లీ మళ్లీ అడగకుండా మిగతావాళ్లకి కూడా వినబడితే మంచిదనుకున్నాను.

మూడు వారాల తర్వాత జాబితా వచ్చింది. పొద్దున పదిన్నరకి పానా ఫోను చేసింది. "సివిల్ వచ్చిందత్తా. స్కోరు ఎనభై నాలుగు" అంది. దాని గొంతులో ఏముందో నేను వినిపించుకోలేదు. "చెప్పానా?" అన్నాను.

జాబితా బయటికి వచ్చేశాక నేను ముట్టుకోకూడనిది ఏమీ లేదు గనక, ఏ బ్రాంచిలో చివరి సీటు ఎంత స్కోరుకి దక్కిందో చూపించే కాగితాలు నోటీసు బోర్డుకి అంటించే పని నాకే అప్పజెప్పారు. జిగురు డబ్బా, కాగితాలు పట్టుకుని వెళ్లాను. మొదటిది బయోమెడికల్. చివరి స్కోరు ఎనభై ఒకటి. మూలలు లేవకుండా నాలుగు వైపులా అరచేత్తో రుద్దాను. మళ్లీ చదివాను. ఎనభై ఒకటే. తర్వాత సివిల్ కాగితం అంటించాను, తర్వాత మిగిలినవి. తిరిగి వచ్చేసరికి కౌంటరు ముందు లైను ఉంది.

మధ్యాహ్నం భోజనం మానేసి ప్రోగ్రాము అమ్మాయి దగ్గరికి వెళ్లాను. ఎనభై నాలుగు స్కోరుకి సివిల్ పైన రాసి అదే తెచ్చుకున్నవాళ్లు బయోమెడికల్ పైన రాసుంటే వచ్చేదా అని అడిగాను. ఆ పిల్ల మీటలు నొక్కి, ఇప్పుడు సీటొచ్చిన చివరి పదిమంది కంటే ముందే వచ్చేది మేడమ్ అంది. పోనీ వెయిటింగు లిస్టులోనైనా పేరుంటుందా అన్నాను. ఎలా ఉంటుంది మేడమ్, వాళ్లడిగిన మొదటి సీటే వాళ్లకి వచ్చేసింది కదా అంది. ఎవరి గురించో అడిగి ఉంటాననుకుని మళ్లీ తన పనిలో పడిపోయింది.

ఇంట్లో నేనే చెప్పాను. నోటీసు బోర్డు దగ్గర అందరూ చదివేదే, దాస్తే దాగేది కాదు. మెషీను ఎలా చేస్తుందో ప్రోగ్రాము అమ్మాయి నాకు ముందే చెప్పిందనీ, నేనే చెవిన పెట్టలేదనీ కూడా చెప్పాను. అన్నయ్య, "పోనీలే, సివిలంటే చిన్న చదువా. మన వంటింటి కప్పు కారకుండా చేస్తుంది" అని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. వదిన నా ముందు కంచం పెట్టి, నువ్వు దాని మంచికే చెప్పావులే అంది. చెంప మీద కొట్టి ఉంటే నయంగా ఉండేది. పానా మాత్రం, ఆకలేస్తోంది తిందాం అని అందరికంటే ముందు కూర్చుంది. నేను తలదించుకుని తిన్నాను. ఏం తిన్నానో తెలియదు.

రూళ్ల పుస్తకం నాకు కంఠతా వచ్చు. కేటాయింపు మీద పునర్విచారణ అడగడానికి మూడే కారణాలు. జబ్బు, ఇంట్లో చావు, సిబ్బంది తప్పుడు సమాచారం ఇవ్వడం. మూడోదాని దగ్గర నా బుర్ర అతుక్కుపోయింది. సిబ్బంది అంటే నేనే కదా. ఆ వారమే బయోమెడికల్లో సీటొచ్చిన ఒక విద్యార్థి వేరే యూనివర్సిటీకి వెళ్లిపోవడంతో ఒక సీటు ఖాళీ అయింది. పునర్విచారణలు తేలేదాకా అలాంటి సీటు వెయిటింగు లిస్టుకి ఇవ్వరు.

దరఖాస్తు నేనే రాశాను. తప్పుడు సమాచారం ఇచ్చిన ఉద్యోగి అన్న గడిలో నా పేరు, నా నంబరు రాశాను. ఎక్కడ ఇచ్చారు అన్న గడి దగ్గర కలం ఆగింది. దాన్ని ఖాళీగా వదిలేశాను. సంతకం కోసం పానాకి ఇస్తే అది మొత్తం చదివి, దీనివల్ల నీకేమన్నా అవుతుందా అని అడిగింది. ఒక మెమో ఇస్తారు, కాగితమే కదా అన్నాను. సర్వీసు రిజిస్టరులో ఎర్రసిరా పడుతుందనీ, ఆ సెక్షను గుమ్మం మళ్లీ తొక్కనివ్వరనీ చెప్పలేదు. అది నా మొహంలోకి కాసేపు చూసి సంతకం పెట్టింది.

విచారణ సూపరింటెండెంటు గారి గదిలోనే. ఆయన పక్కన ఒక ప్రొఫెసరు గారు, పెద్దావిడ, కూర్చుని ఉన్నారు. మేమిద్దరం ఎదురుగా కూర్చున్నాం. ఆ గదిలో నేను కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. ప్రొఫెసరు గారు పానా రాసిన పేజీ తీసి, ఈ బొత్తాల కొక్కెం నువ్వు చేసిందేనా అని అడిగారు. అవునండీ అంది. ఆవిడ ఆ పేజీని మళ్లీ ఫైల్లో పెట్టెయ్యకుండా బల్ల మీదే ఉంచుకున్నారు. నాకు ఆశ పుట్టింది.

సూపరింటెండెంటు గారు దరఖాస్తు పైనుంచి కిందిదాకా చదివి, ఖాళీ గడి దగ్గర ఆగారు.

"మీరు గడి ఖాళీగా వదలడం నేనెప్పుడూ చూడలేదు మేడమ్."

ఆయన కలం మూత తీశారు. ఇరవై ఏళ్లుగా ఒకే గదిలో టీ తాగినవాళ్లం. ఆయన చూపు నాకు అర్థమవుతూనే ఉంది.

"ఈ సలహా కౌంటర్లో ఇచ్చారా, ఇంట్లో ఇచ్చారా? కౌంటర్లో అయితే అది ఆఫీసు తప్పు. మేం దిద్దాలి. కాస్త ఆలోచించుకుని చెప్పండి."

ఆలోచించడానికేముంది. కౌంటర్లో అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క తప్పు కాగితం మీద సంతకం పెట్టినదాన్ని కాదు. అయినా ఆ ఒక్క అబద్ధం ఆడి ఉంటే దానికి నాకు అప్పుడూ పశ్చాత్తాపం ఉండేది కాదు, ఇప్పటికీ ఉండేది కాదు. నోరు తెరిచాను.

"ఇంట్లోనండీ" అంది పానా.

ఆయన నా వైపు చూశారు. కలం కాగితానికి తాకకుండా పట్టుకుని, నేను కాదంటానేమోనని ఎదురుచూశారు. పక్కనే కూర్చున్న పిల్లని అబద్ధాలకోరుని చెయ్యలేను. తలదించుకున్నాను. ఆయన గడి నింపారు.

"అయితే ఇది ఆఫీసు ఇచ్చిన సలహా కాదమ్మా. మీ ఇంటి మాట" అన్నారు పానాతో. ఆయన గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. బాధే ఉంది. ప్రొఫెసరు గారు ఆ పేజీని మడవకుండా ఫైల్లో పెట్టారు.

బస్సులో సీట్లు దొరకలేదు. ఇద్దరం కమ్మీ పట్టుకుని నిలబడ్డాం. రెండు స్టాపులదాకా ఓర్చుకున్నాను. ఆ తర్వాత నావల్ల కాలేదు. ఎందుకలా చెప్పావే, నేను చెప్పుకునేదాన్ని కదా, నీ సీటు అక్కడే ఖాళీగా ఉంది కదా అని అడిగాను.

"కౌంటర్లో నువ్వు తప్పు చెప్పలేదు కదత్తా" అంది.

"నీకెలా తెలుసు?"

"విన్నాను. చివరి రోజు లైన్లో ఉన్నా నేను. ఫారం మార్చేద్దామని వచ్చా. బయోమెడికలే పైన పెట్టి కొత్తది రాసుకొచ్చా."

బస్సు మలుపు తిరిగింది. తూలకుండా నా మోచెయ్యి పట్టుకుంది.

"నా ముందు ఎనిమిదిమందో తొమ్మిదిమందో ఉన్నారు. గొడుగాయన నిన్నడిగాడు, మీ ఇంటి పిల్లయితే ఏం చెప్తారని. ఇదే చెప్తానన్నావు. నాకు చెప్పింది వేరు కదా. అంటే వాళ్లందరికీ అబద్ధం చెప్పి, నా ఒక్కదానికే నిజం చెప్పావనుకున్నా. నేను మీ ఇంటి పిల్లని కాబట్టి." కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. "గర్వంగా అనిపించిందత్తా. ఫారం మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చేశా."

మా స్టాపు వస్తే దిగాం. నా సంచి కూడా అదే పట్టుకుంది.

ఇదంతా జరిగి రెండేళ్లు. పానా సివిల్ బాగానే చదువుతోంది. నది మీద వంతెన కొలవడానికి వెళ్లొచ్చి వాళ్ల నాన్నకి గంటసేపు చెబుతుంది. ఆయన పొద్దున్నే ఆ పాత కొక్కెంతోనే బొత్తాలు పెట్టుకుంటాడు. దానికి తీగ అరిగితే కొత్త తీగ వేసింది గాని, సీసా మూత సంగతి మళ్లీ ఎత్తలేదు. ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఏ విషయానికీ సలహా కూడా అడగరు. వదిన కొత్త గ్యాసు పొయ్యి కొంటూ పక్కింటావిడని అడిగింది.

మరుసటి ఏడాది నన్ను మళ్లీ లోపలి గదికి రమ్మన్నారు. కౌంటర్లోనే ఉంటానని రాసిచ్చాను. ఎండ అలాగే పడుతుంది, ఫ్యాను గాలి అలాగే రాదు. మొన్న ఒకావిడ ఫారం పట్టుకుని కన్నం దగ్గరికి వంగింది. వెనకాల వాళ్లమ్మాయి గోళ్లు కొరుక్కుంటూ నిలబడి ఉంది. "అందరికీ చెప్పేదే చెప్పకండి మేడమ్. మీ ఇంటి పిల్లయితే ఏం చెప్తారో అది చెప్పండి" అందావిడ.

తల ఎత్తి ఆవిడ మొహంలోకి చూశాను.

"మా ఇంటి పిల్లకి వేరే చెప్పానండీ. దానికి రావలసిన సీటు పోయింది. మీరు అందరికీ చెప్పేదే వినండి."

ఆవిడ వెనక్కి తిరిగి కూతురికి ఫారం ఇచ్చింది. ఆ అమ్మాయి గోడకి ఆనించి రాసుకోవడం మొదలుపెట్టింది. తర్వాతివాళ్లని రమ్మన్నాను.